కౌంటీ కిటికీ దగ్గర స్వామివారి పేరు

నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. కూర్చున్నవాళ్ళు మాత్రం మధ్యలో "అదెలా కుదురుతుందండీ" అని అడ్డు రాకూడదు. కుదిరింది కాబట్టే చెబుతున్నది.

అమెరికాలో హాలోవే కౌంటీ అంటే ఎటు చూసినా మొక్కజొన్నే. ఆ చేల మధ్య నిలబడి ఇవాళ తుమ్మితే, "చిరంజీవ" అనే మనిషి రేపటికి గానీ రాడు. అలాంటి చోట నిర్మమానంద స్వామివారి ఆశ్రమం. దానికి ఉన్నదల్లా ఒక్కటే దారి. అది పక్క రైతు పొలంలోంచి పోతుంది. పాత రైతు పోయాక ఆ పొలం కొన్న క్రూగర్ దారికి అడ్డంగా గేటు పెట్టి తాళం వేశాడు.

చెడ్డవాడేం కాదు. టోపీ తీసి మరీ చెప్పాడు. "మీకు దారి హక్కు ఉందని కాగితం చూపించండి స్వామీ, నా చేత్తో నేనే తాళం తీస్తాను. లేదంటే సోమవారం ట్రాక్టరు పెట్టి దున్నేస్తాను."

కాగితం ఆశ్రమంలో లేదు. వానలకి కింది గదిలోకి నీళ్ళొచ్చిన ఏడు, పెట్టెతో సహా ముద్దయిపోయింది. ఇక కౌంటీ ఆఫీసులో ఉన్న నకలే దిక్కు. అది దొరక్కపోతే దారి లేదు. దారి లేకపోతే ఆశ్రమం లేదు.

"నాకు వదిలెయ్యండి స్వామీ. మీరు కదలొద్దు," అన్నాడు శిష్యుడు గుండిమెడ శేషశాయి.

శేషశాయంటే అల్లాటప్పా శిష్యుడనుకున్నారా? గుంటూరులో లా చదివి, అమెరికా వెళ్ళి మళ్ళీ లా చదివి, రెండు దేశాల చట్టాలూ నిద్రలో అప్పజెప్పేవాడు. కోర్టులో అతను గొంతు సవరించుకుంటే చాలు, అవతలి ప్లీడరు రాజీకి వచ్చేవాడు. అంతటివాడు అన్నీ వదిలేసి ఆశ్రమంలో ఆవుపేడ ఎత్తుతున్నాడు. వచ్చే పున్నమికి సన్యాసం పుచ్చుకోవాలి.

"ఉద్యోగం వదిలేశాను, జుట్టు వదిలేశాను. ఇక మిగిలింది పేరే. అదీ వదిలేస్తే అయిపోతుంది," అని వచ్చినవాళ్ళందరికీ తనే చెప్పేవాడు. రానివాళ్ళకి ఫోను చేసి చెప్పేవాడు.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరాడు. గేటుకి తాళం ఉంది కదా, ఎలా వెళ్ళాడంటారా? దూకాడు. ఆ గేటు తాటిచెట్టంత ఎత్తు. పంచె జారకుండా దూకాడు. చూసిన ఆవులు ఆ పూటకి మేత మానేశాయి.

కౌంటీ ఆఫీసులో కిటికీ వెనక ఒకావిడ కూర్చుని ఉంది. శేషశాయి తను రాసుకొచ్చిన అర్జీ ఆవిడ ముందు పెట్టాడు. ఆ బరువుకి బల్ల కిర్రుమంది. దస్తావేజులు చూసే హక్కు పౌరుడికి ఏ చట్టం కింద, ఏ సెక్షను కింద, ఏ తీర్పు ప్రకారం ఉందో అందులో లేనిది లేదు.

ఆవిడ మొదటి పేజీ చూసి, అర్జీ వెనక్కి తోసింది. "ఇదంతా ఎందుకు బాబూ? ఈ పుస్తకాలు ఊరందరివీ. ఎందుకు కావాలో కూడా చెప్పక్కర్లేదు. ఎవరి పేరు మీద ఉందో చెప్పండి చాలు."

"పేరా?" శేషశాయి ఛాతీ విరుచుకున్నాడు. "శ్రీమత్పరమహంస పరివ్రాజకాచార్య శ్రీశ్రీశ్రీ నిర్మమానంద సరస్వతీ స్వామివారు!"

కిటికీ అద్దాలు గణగణలాడాయి. పక్క గదిలో పన్ను కట్టడానికొచ్చిన రైతులు జాతీయగీతం అనుకుని లేచి నిలబడ్డారు.

"ఇందులో ఇంటిపేరేది?"

"ఆయనకి ఇంటిపేరు లేదండీ. ఇల్లే లేదు."

"ఈ కౌంటీలో దొంగలకి కూడా ఇంటిపేరుంది," అంది ఆవిడ. పోనీ అని ఆశ్రమం పేరు మీద వెతికి ఒక దస్తావేజు తీసింది. "ఈ నేల మీ ఆశ్రమానిదే. కానీ దారి సంగతి ఇందులో లేదు. ఆశ్రమానికి ఈ నేల రాసిచ్చినాయన, అంతకుముందు తను కొన్నప్పటి దస్తావేజులో ఉంటుంది. ఆయన పేరు ఇదిగో, పైనే ఉంది. ఈ చీటీ మీద రాసివ్వండి, ఆ పుస్తకం తెస్తాను. అడిగేవాళ్ళే రాయాలి. ఇక్కడి పద్ధతి అంతే."

శేషశాయి ఆ పేరు చూశాడు. చటుక్కున కళ్ళు మూసుకున్నాడు.

ఆ రాసిచ్చినాయన స్వామివారే. సన్యాసం పుచ్చుకోకముందటి స్వామివారు. తన పిండం తనే పెట్టుకుని, ఆ పేరు గలవాణ్ణి ఈ లోకంలో లేకుండా చేసి బయటికొచ్చిన మనిషి. అలాంటి పూర్వాశ్రమం పేరు శిష్యుడి నోట రావడమా?

"రాయకూడదండీ," అన్నాడు కళ్ళు తెరవకుండా.

"పోనీ చదవండి, వింటాను."

"పలకకూడదండీ."

"వేలు పెట్టి చూపించండి."

"దాని మీద వేలు పెట్టడమా! ఎంత మాట!"

ఆవిడ గొంతు తగ్గించింది. "బాబూ, ఆయనేమైనా పోలీసులకి దొరక్కుండా తిరుగుతున్నాడా?"

శేషశాయి గుమ్మంలో విడిచిన చెప్పులు వేసుకుని, వచ్చిన దారినే నడిచి, తాటిచెట్టంత గేటు మళ్ళీ దూకి ఆశ్రమానికి చేరాడు. స్వామివారు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు.

"పలకలేదు స్వామీ!" శేషశాయి మొహం వెలిగిపోతోంది. "కలం చేతిలో పెట్టింది, అయినా రాయలేదు. దారి పోతే పోయింది. మీ సన్యాసానికి మాత్రం మచ్చ రానివ్వలేదు."

స్వామివారు ఇంకో కాయ ఈనె తీశారు. "ఆఫీసు ఎన్నింటిదాకా ఉంటుంది నాయనా?"

"అయిదింటిదాకా. రేపూ ఎల్లుండీ సెలవు. ఎందుకు స్వామీ?"

స్వామివారు చేతులు కడుక్కుని బూట్లు వేసుకున్నారు. కాషాయం మీద గొర్రెబొచ్చు కోటు తొడుక్కున్నారు. శేషశాయి వెనకాల పరిగెత్తాడు. ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని గేటు దాటిద్దామని పంచె బిగించుకుంటున్నాడు కూడా.

అవతల క్రూగర్ కంచె బాగుచేస్తున్నాడు. "క్రూగర్, కాస్త తాళం తీస్తావా? కౌంటీ ఆఫీసుదాకా వెళ్ళాలి," అన్నారు స్వామివారు.

క్రూగర్ తాళం తీశాడు. "నడిచి ఎంతసేపటికి వెళతారు, ఎక్కండి," అని తన ట్రక్కులో తనే తీసుకెళ్ళాడు. దారి పొడుగునా శేషశాయి ఎవరి మొహమూ చూడలేదు.

కిటికీ దగ్గర ఆవిడ స్వామివారిని ఎగాదిగా చూసి చీటీ ముందుకి తోసింది. "పేరు?"

"దొండపాటి రంగబాబు."

బళ్ళో హాజరు పలికినట్టు పలికారు, గది అంతా వినిపించేలా. శేషశాయి రెండు చెవులూ మూసుకున్నాడు.

"డోండా...?"

"దొండ. అదొక కూరగాయ. వేపుడు బాగుంటుంది," అని స్వామివారు ఒక్కో అక్షరం చెబుతూ చీటీ మీద రాశారు. "మా అమ్మ రంగడూ అని పిలిచేది. అది అక్కర్లేదనుకుంటాను."

"అక్కర్లేదు," అంది ఆవిడ నవ్వుతూ. ఏనుగు పిల్లంత పుస్తకం తెచ్చి బల్ల మీద పరిచింది.

అక్కడుంది. ఆశ్రమం నేల అమ్మిన పాత రైతు, తన చేను మీదుగా రోడ్డుదాకా దారి ఇచ్చాడు. రంగబాబుకీ, అతని తరవాత ఆ నేల మీద ఉండే ఎవరికైనా సరే, శాశ్వతంగా వచ్చిపోవడానికి. క్రూగర్ వంగి, వేలు పెట్టుకుని ప్రతి మాటా చదివాడు. చదివి, తాళంచెవుల గుత్తిలోంచి ఒకటి ఊడదీసి స్వామివారి చేతిలో పెట్టాడు.

"ఇక దున్నను రంగబాబూ," అన్నాడు.

శేషశాయి ఉలిక్కిపడ్డాడు. స్వామివారు మాత్రం, "మంచిది," అన్నారు.

బయటికొచ్చాక ఆఫీసు మెట్ల మీద శేషశాయి ఆగిపోయాడు. "స్వామీ, ఎప్పుడో వదిలేసిన పేరు కదా! ఎలా పలకగలిగారు?"

"వదిలేసింది నేను నాయనా," అన్నారు స్వామివారు, మెట్టు దిగడానికి అతని భుజం పట్టుకుంటూ. "దాచుకుంటున్నది నువ్వు."

రెండు దేశాల చట్టాలు తెలిసిన ఆ నోరు ఆశ్రమం చేరేదాకా తెరుచుకోలేదు. ఇదే ఈ కథలో ఎవరూ నమ్మని ముక్క. కానీ ట్రక్కు నడిపినవాడు ఇప్పటికీ ఆ పొలంలోనే ఉన్నాడు, వెళ్ళి అడగండి. పేరు వెర్నన్ క్రూగర్.