ఓబులమ్మ మోచేయి

గుండ్లకోన అడవిలో కొండముచ్చులు, దేవాంగపిల్లులు, అడవికోళ్లు, ఒక ముళ్లపంది కలిసి ఉండేవి. కలిసి ఉండేవి అంటే, ఒకరి సంగతులు ఇంకొకరికి పూర్తిగా తెలుసు అని.

కొండముచ్చు పుల్లయ్యకు చేతులు చాలా పొడవు. ఆ మాట ఆయనే రోజూ చెప్పేవాడు కాబట్టి ఇంకెవరూ చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. కోతిలాంటి సన్నని చేతులు, పెద్ద కళ్లు ఉన్న దేవాంగపిల్లి ఓబులమ్మ పగలంతా నిద్రపోయేది. లేచాక నడక చూసినా, ఇంకా లేవలేదేమో అనిపించేది. అడవికోడి లచ్చుమమ్మ పొద్దస్తమానం పిల్లల్ని లెక్కపెట్టుకునేది. ఏనాడూ లెక్క కుదిరేది కాదు.

ఒక సాయంత్రం మాత్రం లెక్క సరిగ్గానే పెట్టింది. ఒక పిల్ల నిజంగానే తక్కువైంది.

వాగు ఒడ్డున బండల సందులోంచి కీచుమని వినిపించింది. పిల్ల లోపలికి జారిపోయింది. జానెడు దూరమే. కానీ మధ్యలో రాతి బొడిపె, పైనుంచి వేలాడే రేగు కంప. కొండమీద అప్పటికే వాన మొదలైంది. వాగు పొంగితే ముందు నిండేది ఆ సందే.

లచ్చుమమ్మ తల దూర్చింది. రెక్కలు పట్టలేదు.

"తప్పుకో చెల్లెమ్మా! ఇంత చెయ్యి నాకున్నది ఎందుకు?" అంటూ పుల్లయ్య వచ్చాడు. భుజం నుంచి వేళ్ల దాకా కర్రలా బిగించి ఒక్క తోపు తోశాడు. వేళ్లు బొడిపెకు కొట్టుకున్నాయి. ఇంకా గట్టిగా తోశాడు. రాయి కదల్లేదు, మోచేయి కంపలో ఇరుక్కుంది.

"ముళ్ల సంగతి నాకు తెలుసన్నా, లాగకు" అంది ముళ్లపంది.

పుల్లయ్య లాగాడు. చెయ్యి వచ్చింది, బొచ్చు రాలేదు.

లచ్చుమమ్మ మళ్లీ తొంగి చూసింది. సందు అడుగున నీళ్లు మెరుస్తున్నాయి.

అప్పుడు ఓబులమ్మ చెట్టు దిగింది. ఆ దిగడం చూడలేక లచ్చుమమ్మ కళ్లు మూసుకుంది. "కాస్త త్వరగా, వదినా!"

"ముందు దారి చూడనీ వదినా" అంది ఓబులమ్మ. సందులోకి బాగా తొంగి చూసి, అప్పుడు చెయ్యి పెట్టింది.

పిల్ల ఎడమవైపు ఉంది. ఓబులమ్మ మోచేయి కుడివైపు పోయింది.

"అటు కాదమ్మా, ఇటు! నిద్రమత్తు వదల్లేదా?" అని పుల్లయ్య నవ్వాడు. బొచ్చు లేని చేతిని వెనక దాచుకునే నవ్వాడు.

ఓబులమ్మ భుజం కొంచెం వెనక్కి తగ్గింది. మోచేయి కంప కిందుగా పక్కకు జరిగింది. ఆ రెండూ వదిలిన చోట్లో మణికట్టు బొడిపె చుట్టూ తిరిగింది. వేళ్లు పిల్లను అందుకున్నాయి. వచ్చేటప్పుడూ అంతే, ఒకదానికొకటి చోటిచ్చుకుంటూ వచ్చాయి. ఒక్క ముల్లు కదల్లేదు. లచ్చుమమ్మ ముక్కు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

తడిసిన పిల్ల తల్లి రెక్క కిందకు చేరింది. ఆ వెంటనే వాగు సందును నింపేసింది.

"పిల్ల ఇటుంటే మోచేయి అటెందుకు పోయింది వదినా?" అని అడిగింది లచ్చుమమ్మ.

"అది తప్పుకోకపోతే వేళ్లు ఎటునుంచి పోతాయి?" అని ఓబులమ్మ చెట్టెక్కడం మొదలుపెట్టింది. ఎక్కి ముగించేసరికి వాన వెలిసింది.

ఆనాటి నుంచి లచ్చుమమ్మ తవ్వి తీసిన చెదపురుగుల్లో లావైనవన్నీ ఓబులమ్మ కొమ్మ కిందే పెట్టేది. పుల్లయ్య తన చేతుల పొడవు గురించి మాట్లాడటం మానేశాడు. బొచ్చు మళ్లీ మొలిచేదాకా.

నీతి: అందరూ ముందుకే తోస్తే పని ఆగిపోతుంది, సమయానికి పక్కకు తప్పుకుని చోటిచ్చినవాడూ ఆ పని చేసినవాడే.