సిద్ధాచారి పళ్ల టంకం

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో సిద్ధాచారి అనే కంసాలి ఉండేవాడు. పనితనంలో ఆయనకు లోటు లేదు గానీ, లోకంలోని ప్రతి వస్తువూ బంగారంలాగే నడుచుకుంటుందని నమ్మడం ఆయన లోపం. నాకు బంగారానికీ ఇత్తడికీ తేడా తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం మా ఇంట్లో ఇంతవరకూ రాలేదు. కాబట్టి ఈ కథలో బంగారం విషయం ఎక్కడైనా తప్పు చెబితే కంసాలులు మన్నించాలి. పళ్ల విషయం మాత్రం కొంచెం తెలుసు. నాకు మిగిలినవాటిని రోజూ అద్దంలో పలకరిస్తూనే ఉంటాను.

సిద్ధాచారికి పేరు తెచ్చింది టంకం పని. రెండు బంగారు ముక్కల్ని కలిపే అతుకునే టంకం అంటారు. ఆయన దీపం ముందు కూర్చుని, ఊదుగొట్టాన్ని ఎడమవైపు పళ్ల మధ్య కరిచిపట్టి, మంటను సన్నని సూదిలా చేసి అతుకు మీదికి పంపేవాడు. ఆయన వేసిన అతుకు ఎక్కడుందో ఆయనే వెతుక్కోవాల్సి వచ్చేది. వీధిలో చాలామంది గ్యాసు మంటకు మారిపోయారు. సిద్ధాచారి మారలేదు. గ్యాసుకు మంట తెలుసు గానీ మర్యాద తెలియదనేవాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. నిద్ర లేచింది మొదలు ఎడమ దవడన ఆకువక్క ఉండాల్సిందే. ఆకు, వక్క, సున్నం, చిటికెడు పొగాకు కలిపి నమిలి, ఆ ముద్దను బుగ్గన దాచుకునేవాడు. బుగ్గన బరువుంటే ఊపిరి నిలకడగా వస్తుందని ఆయన సిద్ధాంతం. ఆయనను చూసి ఆ సిద్ధాంతాన్ని పట్టుకున్న చిన్న కంసాలులు కూడా ఇద్దరు ముగ్గురు ఉండేవారు. వాళ్లకు బుగ్గలైతే వచ్చాయి. పనితనం రాలేదు.

భార్య కాళహస్తమ్మ ముందుగా కనిపెట్టింది. దిండు మీద ఎర్రటి మరకలు ఉంటున్నాయి. అడిగితే ఆకు రసమేనన్నాడు. అది నిజమో కాదో ఆయనకూ తెలియదు. రోజంతా ఎర్రగా ఉమ్మేవాడికి అందులో రక్తం ఎంతో ఎలా తెలుస్తుంది? తర్వాత చిగుళ్లు కిందికి జారి, పళ్లు పొడుగైనట్టు కనిపించాయి. నోటి వాసనకు నగలు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు కొంచెం వెనక్కి జరిగి కూర్చునేవారు. తన పని మీద గౌరవం కొద్దీ జరుగుతున్నారని ఆయన అనుకునేవాడు.

కొన్నాళ్లకు ఎడమవైపు పళ్లు కదలడం మొదలైంది. సిద్ధాచారి భయపడ్డాడు. ఊదుగొట్టం నిలవకపోతే ఆయన పని నిలవదు. ఇంకొన్నాళ్లు గడిచేసరికి ఆ కదలిక తగ్గింది. నాలుకతో తడిమి చూస్తే పళ్ల సందుల్లో గట్టిగా, గరుకుగా ఏదో పేరుకుని, పళ్లన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపేసింది. ఆయన సంబరంగా భార్యను పిలిచి, సున్నం తన పని చేసిందని, దేవుడే లోపల టంకం వేశాడని చెప్పాడు. కాళహస్తమ్మ ఆ టంకాన్ని చూసింది. అది నల్లగా ఉంది. మర్నాడు ఆయన ఎంత గొణిగినా వినకుండా పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరు షాహీన్ ఆ వీధి పిల్లే. చిన్నప్పుడు ఆమెకు చెవులు కుట్టింది సిద్ధాచారే.

"నొప్పి లేదు, కదలకుండా కూర్చోమని ఆ పొద్దు నాకు చెప్పినావు మామా. ఈ పొద్దు నా వంతు," అని నవ్వుతూ నోరు తెరిపించింది. చూశాక నవ్వడం మానేసింది.

ఎక్స్‌రే తీసి చూపించింది. పళ్ల చుట్టూ తెల్లగా నిండుగా ఉండాల్సిన దవడ ఎముక ఎడమవైపు బాగా కిందికి దిగిపోయి ఉంది. ఆయన టంకం అనుకుంటున్నది గార కట్టిన పాచి అని, అది చిగురు కిందికి దిగి ఎముకను కొంచెం కొంచెంగా కరగబెడుతోందని, ఆకువక్క, పొగాకు దానికి తోడయ్యాయని చెప్పింది. ఆ గార తీసేయాలి. ఆకువక్క మానేయాలి. ఇప్పుడు మొదలుపెడితే చాలా పళ్లు నిలుస్తాయి.

సిద్ధాచారి ఎక్స్‌రే వైపు చూడలేదు. "టంకం గీకేస్తే నగ నిలుస్తాదా పాపా? నువ్వు దాన్ని తీస్తే నా పళ్లన్నీ రాలిపోతాయి."

"టంకం బంగారాన్ని తినదు మామా. ఇది ఎముకను తింటాంది."

"నొప్పే లేదు కదా."

"అదే దీనితో వచ్చిన చిక్కు."

ఆయన తల ఊపి, పెళ్లిళ్ల ముహూర్తాలు అయిపోయాక వస్తానన్నాడు. గుమ్మం దాటగానే కొత్త ఆకు తీసి సున్నం రాశాడు. కాళహస్తమ్మ దారి పొడుగునా ఆయనతో మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు గానీ దానికి కారణం బుగ్గ నిండా ఉన్న ముద్ద.

ఆ వారమే ఓబులమ్మ అనే ఆవిడ పని మీద వచ్చింది. ఆమె కొంగు ముడి విప్పి ఒక జత పుస్తెలు ఆయన ముందు పెట్టింది. అవి ఆమె అత్తవి. అత్త పోయాక బీరువాలో దాచిపెట్టింది. ఇప్పుడు ఆమె కొడుకు పెళ్లి. ఆ పుస్తెలే కోడలి మెడలో పడాలని అత్త పోయేముందు చెప్పిందట. తాడు దూరే చిన్న గొట్టాలు అరిగి విరిగిపోయాయి. కొత్త గొట్టాలు అతికితే చాలు, పుస్తెలను మాత్రం కరిగించొద్దంది. అవి వాడి వాడి ఆకులా పలచబడ్డాయి. ఒక పక్క బొటనవేలు ఆనేచోట గుంట పడి ఉంది. ఏదైనా దిగులు కలిగితే అత్త వాటిని పట్టుకుని రుద్దుకునేదట.

ఆ వీధిలో ఇంకెవరూ ఆ పనికి ఒప్పుకోలేదు. అంత పలచటి బంగారానికి మంట కాస్త ఎక్కువైతే మిగలదన్నారు. సిద్ధాచారి ఒప్పుకున్నాడు. చేయగలవాడు కూడా ఆయనే.

పుస్తెల పనికి ఆ ఇంటివాళ్లు ఎదురుగా కూర్చోవడం అక్కడి ఆనవాయితీ. మంచి ఘడియ చూసి ఓబులమ్మ వచ్చి కూర్చుంది. సిద్ధాచారి దీపం వెలిగించి దణ్ణం పెట్టుకుని, ఊదుగొట్టం కరిచాడు. మొదటి పుస్తెకు గొట్టం అతికింది. అతుకు కనపడలేదు. ఓబులమ్మ కళ్లు తుడుచుకుంది. ఆయన రెండోది తీసుకున్నాడు. బంగారం ఎర్రబడుతుండగా ఊదుగొట్టాన్ని ఇంకాస్త గట్టిగా కరిచాడు.

నోట్లో ఏదో కదిలింది. ఊదుగొట్టం పక్కకు వాలింది. సూదిలాంటి మంట పుస్తె నడిమికి తగిలింది. ఆయన ఊదుగొట్టం విసిరేసేలోగా పుస్తె ముడుచుకుని, చిన్న గుండ్రటి పూసగా మారి కూర్చుంది.

సిద్ధాచారి అరచేతిలో ఉమ్మాడు. ఎడమవైపు పళ్లు వరసగా, ఒకదానికొకటి అంటుకునే, ఒక్క ముక్కగా ఊడి వచ్చాయి. ఆయన దేవుడి టంకం చెక్కు చెదరలేదు. వాటిని పట్టుకోవాల్సిన ఎముకే లేదు.

కొత్త పుస్తె అచ్చం దానిలాగే చేసిస్తానని ఆయన నోటికి గుడ్డ అడ్డుపెట్టుకుని చెప్పాడు. ఓబులమ్మ తిట్టలేదు. ఆ పూసను వేలితో కదిపి చూసింది.

"చేస్తావులే ఆచారీ, నీ చేతిలో పని ఉండాది. మా అత్త వేలు అరగదీసిన గుంట నువ్వు యాడ తెస్తావు?"

ఆమె మిగిలిన పుస్తెను, ఆ పూసను కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. పెళ్లిలో రెండో పుస్తె బదులు పసుపు కొమ్ము కట్టారు. పిల్ల ముచ్చటపడే కట్టించుకుందని చెబుతారు. అయినా సిద్ధాచారి ఆ పెళ్లికి వెళ్లలేకపోయాడు.

ఆయన షాహీన్ దగ్గరికి మాత్రం వెళ్లాడు. ఈసారి ముహూర్తాల మాట ఎత్తలేదు. ఆమె కుడివైపు గార తీసింది. ఆయన భయపడినట్టు పళ్లు కొన్నాళ్లు వదులుగా అనిపించాయి, చిగురు మానాక నిలబడ్డాయి. ఆకువక్క మానడం ఆయనకు కష్టమైంది గానీ మానేశాడు. ఎడమవైపు కట్టుడు పళ్లు పెట్టమన్నాడు. పెడతాను గానీ అన్నం నమలడానికే పనికొస్తాయి, ఊదుగొట్టం మోసేంత ఎముక అక్కడ లేదని ఆమె చెప్పింది. మళ్లీ పెరుగుతుందా అని అడిగాడు. ఆమె అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు టంకం పని ఆయన తమ్ముడు గ్యాసు మంటతో చేస్తున్నాడు. సిద్ధాచారి పక్కన కూర్చుని నగలకు మెరుగు పెడతాడు. బుగ్గన ముద్దతో ఎవరైనా చిన్న కంసాలి అటుగా పోతే పిలిచి, ఏమీ చెప్పకుండా తన నోరు తెరిచి చూపిస్తాడు. ఇద్దరు మానేశారు. ఒకడు దారి మార్చుకున్నాడు.

పైకి గట్టిగా కనిపించేదంతా బలం కాదు. నొప్పి లేనప్పుడు మంచి మాట విననివాడికి, నొప్పి వచ్చాక విన్నా, కరిగిపోయిన ఎముక తిరిగి రాదు.