నీలకంఠం ముట్టని ఉలవలు

మా వైపు బండలాగుడు పందెం దగ్గరపడితే గిత్తల చేత సాధన మాన్పించి, పందిట్లో కట్టేసి, ఉడికించిన ఉలవలు పెడతారు. ఉలవలంటే గుర్తొచ్చింది, మా కాలేజీ హాస్టల్లో ఉలవచారు నీళ్లలా ఉండేది. అది వేరే కథ.

అలాంటి పందిట్లో నీలకంఠం అనే కుర్ర గిత్త, దాని కాడిజోడు పెద్దన్న, పక్కనే ఒక మేకపోతు ఉండేవి. కిందటేడు ఓడినప్పటి నుంచి నీలకంఠానికి ఒకటే దిగులు, ఈసారీ ఓడితే తనను కాడి నుంచి తప్పిస్తారని. మేకపోతు ఆ దిగులునీ చూసింది, ఉలవల తొట్టినీ చూసింది.

"పడుకున్నావా బావా? పడుకో, పడుకో," అంది ఒక మధ్యాహ్నం. "పందెంలో నీకు పోటీ వచ్చే కర్రిగిత్త కాలవ అవతల దుక్కిచేలో పరుగులు తీస్తోంది."

"ఈ ఎండలోనా?"

"గెలవాలనుకునేవాడికి ఎండేంటి బావా? నీకంటే నిద్ర ముఖ్యం."

పలుపు ముడి మేకపోతే విప్పిపెట్టింది. ఆనాటి నుంచి నీలకంఠం ఎర్రటి ఎండలో దుక్కిలో పరిగెత్తేది. తిరిగొచ్చాక మేత సయించేది కాదు. ఉలవలన్నీ మేకపోతు పొట్టలోకే.

పెద్దన్న నెమరు ఆపి అంది: "తమ్ముడూ, నువ్వు తినట్లేదు, నిద్రపోవట్లేదు. ఈగ వాలినా నన్ను పొడుస్తున్నావు. కాస్త ఆగరా."

"నువ్వు ముసలాడివి. ఓడినా నీకు పోయేదేముంది?"

"ఓడితే నీ పక్కనే ఓడతాను కదరా."

పందెం రోజు బండ సగం దూరం వెళ్లింది. అక్కడ నీలకంఠం ఆగిపోయింది. చెర్నాకోల చప్పుడు గానీ, జనం కేకలు గానీ దానికి పట్టలేదు. కాడి కనిపిస్తేనే గంతులేసిన గిత్త అది. పెద్దన్న ఒక్కటే మోకాళ్లు వంగేదాకా లాగింది. బండ కదల్లేదు.

గెలిచిన కర్రిగిత్త నీళ్ల తొట్టి దగ్గర కనిపిస్తే నీలకంఠం అడిగింది:

"అన్నా, ఎండలో ఎంతసేపు పరిగెత్తేవాడివి?"

"నేనా? తిని పడుకున్నాను. నువ్వే పరిగెడుతున్నావని మీ మేకపోతు వచ్చి చెప్పింది. పరిగెత్తనీ, నాకు నిద్రొస్తోంది అన్నాను."

నీలకంఠం మరి తల ఎత్తలేదు.

మర్నాడు కాడి నుంచి తప్పించింది పెద్దన్నను. ముసలిదాని వల్లే ఓడామని మనుషులు తేల్చుకున్నారు. దాన్ని తోలుకుపోతుంటే నీలకంఠం అరిచింది గానీ, గిత్త అరుపు ఎవరికి అర్థమవుతుంది? ఆ పూట తొట్టి నిండా ఉలవలున్నాయి. మేకపోతే తింది.

భయం పురమాయించిన సాధన బలాన్ని పెంచదు, తినేస్తుంది. పక్కవాడి బలాన్ని కూడా.