నూకాలత్త నిప్పు

అనగా అనగా, సముద్రం ఊరికి ఇప్పటికంటే దగ్గరగా ఉన్న రోజుల్లో, ఒక చిన్న రేవు ఊళ్లో యూదుల వీధి ఉండేది. పడవల మీద వచ్చి, తెలుగు నేర్చి, అక్కడే పిల్లల్ని కన్నవాళ్లు. శనివారం వాళ్లు నిప్పు ముట్టించరు. ముట్టించమని ఇంకొకరితో అననూ అనరు. పిలవకూడదు, చెప్పకూడదు, అడగకూడదు. అది వాళ్ల కట్టుబాటు.

ఊరి చివరి వాడలో నూకాలు అనే ముసలమ్మ ఉండేది. ఊళ్లో ఎవరూ ఆమెని గడప తొక్కనిచ్చేవాళ్లు కారు. ఈ వీధిలో మాత్రం నేరుగా లోపలికి వెళ్లేది. చలికాలం శనివారం పొద్దున ఆ వీధి పెద్ద షాలోం తాత గోడవైపు తిరిగి, ఇవాళ చలి ఎక్కువే అనేవాడు. పాపం, గోడ వణికిపోతోందని నవ్వుతూ నూకాలు కుంపటి ముట్టించేది. వారమంతా ఆమె ఎదురుచూసేది ఆ గడప కోసమే.

ఒక ఏడు తాత ఇంటికి రిబ్కా అనే కొత్త కోడలొచ్చింది. చలికి ఓర్వలేక నోరు జారింది. నూకాలత్తా, కాస్త కుంపటి ముట్టించమంది. నూకాలు ముట్టించింది. తాత లేచి వసారాలోకి పోయాడు. ఆయన వెనకే ఇంటిల్లిపాదీ. అడిగి పెట్టించుకున్న నిప్పు దగ్గర వాళ్లు కూర్చోరు. ఆ సంగతి నూకాలుకి తెలీదు. దూరంగా వణుకుతున్నవాళ్లని చూసింది. తన చేతుల్ని చూసుకుంది. వీళ్లూ అంతేనన్నమాట అనుకుంది.

తర్వాతి శనివారం రాలేదు. ఆ పై శనివారం రాలేదు. మూడో శనివారమూ రాలేదు. వీధంతా ముడుచుక్కూర్చుంది. వెళ్లి చూసొస్తానని రిబ్కా అంటే, ఏ రోజు వెళ్లినా శనివారానికి రమ్మన్నట్టే అవుతుందని పెద్దలు ఆపారు. పిలవకూడదు, చెప్పకూడదు, అడగకూడదు.

ఆ సాయంత్రం ఆకాశంలో మూడు చుక్కలు పొడిచాయి. మూడు చుక్కలు కనిపిస్తే శనివారం కట్టు వదిలినట్టే. ఇక పెద్దల మాట వినకుండా రిబ్కా కుండపెంకు పట్టుకుని వాడకి వెళ్లింది. జరిగిందంతా చెప్పింది. తప్పు తన నోటిదనీ, అత్త చేతిది కాదనీ చెప్పింది.

నూకాలు పొయ్యి ఎగదోసింది.

"నిప్పు పెట్టమని అడగొద్దన్నాడు మీ దేవుడు. సరే. మనిషి ఏమైపోయిందని అడగొద్దని కూడా అన్నాడా?"

రిబ్కా పెంకు ముందుకి చాపింది. "మా ఇంట్లో ఇంకా పొయ్యి వెలగలేదత్తా. నీ పొయ్యిలోంచి నాలుగు నిప్పులు పెట్టు."

"నా పొయ్యిలోవా? దేనికి?"

"అన్నం వండుకోడానికి."

ఆ నిప్పులు పట్టుకుని రిబ్కా నడిబజారు గుండా నడిచింది. ఎవరింటి నిప్పని అడిగినవాళ్లకల్లా నూకాలత్తదని చెప్పింది. ఆ పూట తాత తల వంచుకుని తిన్నాడు. మళ్లీ శనివారం ఆయన గోడతో మాట్లాడకముందే నూకాలు వచ్చేసింది.

కొన్నాళ్లకి నూకాలు పోయింది. ఆ తర్వాత యూదులూ ఒక్కొక్కరే పడవలెక్కారు. ఆ వీధిలో ఇప్పుడున్నది వేరేవాళ్లు. అయినా అక్కడ ఎవరు కొత్త ఇల్లు కట్టుకున్నా, మొదటి పొయ్యికి నిప్పు వాడ నుంచే తెచ్చుకుంటారు. ఎవరింటిదని దారిలో అడుగుతారు. తెచ్చేవాళ్లు నూకాలత్తదంటారు.