గద్దపిల్లకు ఆడిన ఆట

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పే అలవాటు కుళ్లాయప్పకు లేదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని తగిలించేవాడు. ఆ పని పూర్తయ్యేలోపు ప్రశ్న దానంతటదే కరిగిపోయేది, లేదంటే అడిగినవాడే అలిసిపోయి ఊరుకునేవాడు. అనంతపురం తట్టు పల్లెల్లో తోలుబొమ్మలాటకు ఆయనను మించిన ఆటగాడు లేడని పేరు. ఆ పేరు విని శిష్యరికానికి వచ్చినవాళ్లలో సగంమంది ఈ వరస పడలేకే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. మద్దిలేటి మాత్రం పోలేదు. అతను మొండిఘటం.

మద్దిలేటికి ముప్ఫయ్యేళ్లు. అంతకుముందు పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. ముఖానికి రంగు పూసుకుని, కిరీటం పెట్టుకుని రంగం మీదికి వస్తే, రాగం ఎత్తుకోకముందే ఈలలు పడేవి. నాటకాల కంపెనీ మూతపడ్డాక, గొంతు ఊరికే పోనివ్వడం ఎందుకని ఇటు వచ్చాడు. గొంతుకు చేతినిండా పని దొరికింది గాని, పాపం ముఖానికే పని లేకుండా పోయింది. ఆ బాధ అతన్ని లోలోపల తొలుస్తూనే ఉండేది.

ఒక జాతరలో ఆట ముగిశాక ఊరిపెద్ద తెర వెనక్కి వచ్చి, రాజు బొమ్మకు బంతిపూల దండ వేశాడు. "రవ్వంత పక్కకు జరుగప్పా, దండ నలుగుతాది" అని మద్దిలేటిని మోచేత్తో నెట్టాడు కూడా. మర్నాడు, వాకిట్లో కూర్చుని మేకతోలు గీకుతున్న గురువు ముందు మద్దిలేటి చతికిలబడ్డాడు.

"గురువా, గొంతు చించుకునేది నేను. చేతులు పీకేదాకా ఆడించేది నేను. దండ మాత్రం తోలుకు! తెర వెనక నేనొకణ్ణి ఉండానని ఎవురికీ తెలీకపాయె. ఇంత చేసినాక నాకు మిగిలేదేంది?"

కుళ్లాయప్ప తల ఎత్తలేదు. "ఈ తోలు ఆ కొస పట్టుకోప్పా," అన్నాడు.

మూడో రోజున పెద్దగాలి వీచింది. ఊరి బయట కరెంటు తీగలు తగిలి ఒక ఆడగద్ద చచ్చిపడింది. పక్కనున్న తాటిచెట్టు మీంచి దాని గూడు ఊడి నేలకూలింది. కట్టెపుల్లలకని వెళ్లిన కుళ్లాయప్ప భార్య అంజినమ్మ, పుల్లల సంగతి మరిచి, గూట్లోంచి పడిన పిల్లను కొంగులో వేసుకుని ఇంటికి వచ్చింది. ఒళ్లంతా నూగు, రెక్కల అంచున అప్పుడప్పుడే మొలుస్తున్న ఈకలు. ఆకలికి తెరిచిన నోరు మూయడం లేదు. ఆమె మాంసం తునక వేళ్లతో పట్టుకుని దాని నోటికి అందించబోయింది.

"ఆగే!" అని కుళ్లాయప్ప కేక వేశాడు. ఆయన కేక వేయడం ఆ ఇంట్లో అపురూపం. "పోయినసారి చేసిన తప్పే మళ్లా చేస్తాండావు."

అంజినమ్మ చెయ్యి అక్కడే ఆగింది. పోయినసారి ఏం జరిగిందో మద్దిలేటికి ఆమే చెప్పింది. నాలుగేళ్ల కిందట ఇలాగే ఒక గద్దపిల్లను చేత్తో మేపి పెంచింది. అది చక్కగా ఎదిగింది, ఎగిరింది. కానీ మనిషి కనిపిస్తే చాలు, తిండి వచ్చిందనుకునేది. ఒకరోజు పక్కూరి పెళ్లిపందిట్లో ఎవరి భుజం మీదనో ముద్దుగా వాలబోయింది. రక్కడానికే వచ్చిందని వాళ్లు కట్టె ఎత్తారు. ఒక్క దెబ్బతో సరి. ఆ రోజంతా అంజినమ్మ ముద్ద ముట్టలేదు.

"ఇది మనిషి చెయ్యి చూడకుండా పెరగల్ల," అని కుళ్లాయప్ప శిష్యుడి వైపు తిరిగాడు. "మిద్దె మీద తెర కట్టుప్పా. తల్లిని ఆడించు."

ఆట అనేసరికి మద్దిలేటికి ఎక్కడలేని హుషారు వచ్చింది. మిద్దె మీద ఈతచాపతో నీడ వేసి, గంపలో పిల్లను పెట్టి, నాలుగు పక్కలా తెల్లపంచెలు కట్టాడు. పెట్టెలోంచి పక్షిరాజు బొమ్మను తీశాడు. ఎర్రటి రెక్కలు, పచ్చటి ముక్కు, నెత్తిన కిరీటం, మెడలో మూడు పేటల హారం. దాన్ని తెర చీలికలోంచి లోపలికి దూర్చి, అలవాటు చొప్పున ప్రవేశపద్యం అందుకున్నాడు. ఖంగుమన్న ఆ గొంతుకు గద్దపిల్ల గంపలో వెల్లకిలా పడి, కాళ్లు పైకెత్తి, కళ్లు తేలేసింది. వీధిలో పోయేవాళ్లు మాత్రం మిద్దె వైపు చూసి భేష్ భేష్ అన్నారు.

"అది పక్షిరాజును చూసేదానికి రాలేదప్పా," అన్నాడు కుళ్లాయప్ప నిచ్చెన మీంచి తల పెట్టి. "దానికి అమ్మ కావల్ల."

ఆ పూటే మిగిలిన తోలుముక్కతో కొత్త బొమ్మ కోశారు. మట్టిరంగు రెక్కలు, వంగిన ముక్కు, అంతే. తోలుబొమ్మ అంటే నగలకోసం ఒళ్లంతా చిల్లులు కొట్టాలి, ఆ చిల్లుల్లోంచి వెలుగు రావాలి. మద్దిలేటి చెయ్యి ఊరుకోలేదు. "శానా బోసిగా ఉండాది గురువా, ముక్కుపుడకన్నా పెడదామా?" అని అడిగాడు. "గద్దకు ముక్కుపుడకేంది నాయనా!" అని అంజినమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

ముక్కు వెనక చీల్చిన వెదురుబద్ద కట్టి, దానికి మాంసం తునక గుచ్చారు. మాటా పద్యమూ బంద్. దగ్గు వచ్చినా మింగాల్సిందే. మద్దిలేటి మాంసం కొట్టు దగ్గర రెండు గంటలు నిలబడి, పైన తిరిగే గద్దల అరుపు వినివిని, వణుకుతూ సాగే ఆ ఈలను నాలుక చివరకు తెచ్చుకున్నాడు. ఆమాటకొస్తే రాజు వేషానికి కూడా అతను అంత సాధన చేయలేదు.

ఆ సాయంత్రమే తెర చీలికలోంచి మట్టిరంగు ముక్కు మెల్లగా లోపలికి వచ్చింది. సన్నగా ఈల వినిపించింది. గద్దపిల్ల మెడ నిక్కించి చూసింది. ఆ తర్వాత రెక్కలు వణికిస్తూ, కుయ్యికుయ్యిమంటూ నోరు బార్లా తెరిచింది. తునక అందుకుని మింగింది, మళ్లీ తెరిచింది. మద్దిలేటి తెర వెనక ఊపిరి బిగబట్టి, ఏడు తునకలు పెట్టి, నిచ్చెన మీద నాలుగు మెట్లు ఒక్కసారిగా దూకి వచ్చాడు.

"అంజినమ్మవ్వా! ఆట రక్తి కట్టింది!"

అక్కణ్ణుంచి అతనికి లోకమంతా ఆ మిద్దెమీదే. రోజుకు నాలుగాటలు. చూసేది ఒక్క ప్రాణి, అయితే ఆ ఒక్కటీ రెప్ప వేయకుండా చూసేది. తల్లి ఒకరోజు తునకను నోట పెట్టక నేలమీద పెట్టింది. పిల్ల అలిగి, అరిచి, చివరికి కాలికింద తొక్కిపట్టి తానే చీల్చుకుంది. ఇంకోరోజు తల్లి రెక్కలు టపటపలాడిస్తే, పిల్లా టపటపలాడించి, తూలి బొక్కబోర్లా పడింది. తెర వెనక మద్దిలేటి పంచె నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకున్నాడు. పిల్లకు రెక్కలు ముదరడానికి పట్టిన ఆ నలభై రోజుల్లో అతను నవ్వినంత ఏ హాస్యగాడి పాత్రా అతన్ని నవ్వించలేదు.

కానీ మనిషి మనసు కదా. నలభయ్యో రోజు దగ్గర పడుతుంటే పాత పుండు మళ్లీ సలిపింది. పిల్ల నిండుగా ఈకలు తొడిగి, చూడముచ్చటగా ఉంది. రేపో మాపో ఎగిరిపోతుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తన ముఖం చూస్తే ఏం పోతుంది? ఇంత చేసినవాడు ఫలానా అని దానికి తెలియవద్దా? ఆ మధ్యాహ్నం బొమ్మను కిందికి దించి, పంచె అంచును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. అవతల పిల్ల కుయ్యిమంది. తల్లి ఏదీ అన్నట్టు చీలిక వైపే చూస్తోంది. కాస్త ఎత్తితే చాలు. మద్దిలేటికి పెళ్లిపందిరి గుర్తొచ్చింది. కట్టె ఎత్తిన చేతులు కళ్లకు కట్టాయి. వేళ్లు వదిలేశాడు. కళ్లు తుడుచుకుని, బొమ్మను ఎత్తి, ఈల వేశాడు.

మూడు రోజులకు పంచెలు ఒక పక్కన విప్పి, అందరూ దూరంగా కొట్టంలోంచి తొంగిచూశారు. పిల్ల గంపలోంచి గెంతి మిద్దె అంచుకు ఎక్కింది. దానికి పిట్టగోడ అని పేరు పెట్టినవాడెవడో గాని, ఈ రోజు కోసమే పెట్టాడనిపించింది. ఇటు చూసింది, అటు చూసింది, రెక్కలు విప్పింది, మానుకుంది. ఇంతలో గాలి ఎదురుగా లేచింది. పిల్ల ఒక్కసారి కిందికి జారి, కొట్టం కప్పును తాకబోయి, అంతలోనే పైకి లేచింది. మాంసం కొట్టు పైన తిరిగే గద్దల గుంపులో కలిసి, మూడోచుట్టుకు ఏది తమదో వాళ్లకే తెలియకుండా పోయింది. మద్దిలేటి గంతులేశాడు. కుళ్లాయప్ప ముక్కుపొడుం పీల్చి, తోలు గీకే పనికి పోయాడు.

గద్ద ఇంకో వారం ఆ మిద్దె చుట్టే తిరిగింది. పిట్టగోడ తన జాగీరైనట్టు అక్కడే కూర్చుని ఎలుకలు తినేది. తెరలు మడిచి తెద్దామని మద్దిలేటి ఒకరోజు నిచ్చెన ఎక్కాడు. తల పైకి వచ్చిందో లేదో గద్ద రివ్వున దూకి, నెత్తిమీది తువ్వాలు ఎగరేసి, చెవి పక్కన గీరి పోయింది. తిరిగి మళ్లీ వచ్చింది. రాజు వేషాలు కట్టిన మద్దిలేటి మెట్లు తప్పి, వెనక్కి జారి, గడ్డివామి మీద పడ్డాడు. వీధంతా నవ్వింది.

అతను ఒంటినిండా గడ్డితో, చెవి దగ్గర నెత్తుటి గీతతో గురువు ముందుకు పరుగెత్తాడు. నవ్వుతున్నాడు, కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. మొరపెట్టుకుంటున్నాడో, గొప్పలు పోతున్నాడో అంజినమ్మకు అర్థం కాలేదు.

"గురువా! మేపిన చేతినే తరిమికొట్టింది! నేనెవురో దానికి తెలీనే తెలీదు!"

కుళ్లాయప్ప తోలు పక్కన పెట్టి, మొదటిసారి తల ఎత్తి శిష్యుడి ముఖంలోకి చూశాడు.

"నువ్వెవురో తెలీదు, నిజమే. తల్లి లేదన్న సంగతీ దానికి తెలీదు గదప్పా."