ఎల్లాజీ విస్తరి

అనగనగా సముద్రం ఒడ్డున మొగలిరేవు అని ఒక చిన్న ఊరు. ఊ కొట్టండి మరి, కొట్టకపోతే నేను చెప్పను. ఆ, అలాగ.

ఆ ఊళ్ళో కొత్తవాళ్ళకి అన్నం దొరికే చోటు ఒకటే. ఎవరైనా ఆకలేసి పడవ దిగాడనుకోండి. ఉప్పు మడుల దగ్గర ఆడాళ్ళని అడిగితే, వల అల్లే తాతనడగమనేవారు. తాతనడిగితే, ఎండు చేపల పిన్నినడగమనేవాడు. పిన్నినడిగితే, పడవకి తారు పూసే మావనడగమనేది. మావనడిగితే, ఇంకెక్కడ, పోలమ్మ ఇంటికే పో, పులుసు వాసన పట్టుకుని వెళ్ళిపో అనేవాడు. ముందు వాళ్ళకి తెలీదా అంటావేం? తెలుసు. కొత్త మనిషిని కాసేపు తిప్పడం వాళ్ళకి సరదా.

పోలమ్మ పూటకూళ్ళ ఇల్లు నడిపేది. ఆవిడా, కోడలు నూకాలూ. పొద్దున్న చద్దన్నం, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం ఏది మిగిలితే అది. చింతపండు పులుసులో వంజరం ముక్కలు తలుచుకుంటే నాకే ఆకలేస్తోంది. ఆ ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. ఆకలని వచ్చినవాణ్ణి వెనక్కి పంపకూడదు.

పోలమ్మ కొడుకు ఎల్లాజీ, అంటే నూకాలు మొగుడు. మంచి పిల్లాడే, కాకపోతే నీలాగే పులుసులో ముక్కలేరుకుని తినే రకం. ఒకరోజు వేటకెళ్ళాడు. గాలివాన వచ్చింది. పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు. మనిషే కనబడనప్పుడు ఏం చేస్తారు? ఏడవాలా, ఎదురు చూడాలా? అత్తా ఏడవలేదు, కోడలూ ఏడవలేదు. రోజూ రాత్రికి ఎల్లాజీకని అడ్డాకు విస్తరి వేసి, అన్నం పెట్టి, పులుసు పోసి, గడప లోపల ఉంచేవారు. తెల్లారి చూస్తే విస్తరి ఖాళీ. వచ్చాడే, తిన్నాడే అనేది అత్త. వచ్చాడత్తా, తిన్నాడత్తా అనేది కోడలు. ఊళ్ళోవాళ్ళేమో దెయ్యమొచ్చి తింటోందన్నారు. ఇలా దగ్గరకి జరుగు, దెయ్యం లేదు గియ్యం లేదు.

తీసేది ఎవరో చెప్పనా? పోలమ్మే. కోడలు లేవకముందే లేచి, ఆ అన్నం తీసుకెళ్ళి సముద్రంలో కలిపి, ఖాళీ విస్తరి మడిచి గడప దగ్గర పెట్టేసి, ఏమీ ఎరగనట్టు పడుకునేది. మొగుడు లేడని తెలిస్తే ఆ పిల్ల మంచం పడుతుందని ఆవిడ భయం. కడుపున పుట్టిన కొడుకు పోతే, పాపం, ఏడవడానిక్కూడా వీల్లేకపోయింది ఆ తల్లికి.

ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

అలా ఉండగా ఒక సాయంత్రం ముసురు పట్టింది. బాగా చీకటిపడ్డాక ఎవరో ముసలి పడవవాడు వచ్చి గడపలో కూలబడ్డాడు. ఏ ఊరివాడో ఏమో, దారి తప్పి, తిండీ నీళ్ళూ లేక సముద్రం మీదే తిరిగి తిరిగి వచ్చాట్ట. నోట మాట రావడం లేదు. చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపించాడు. నూకాలు నీళ్ళు తాగించి, అన్నం కుండ చూసింది, ఖాళీ. పులుసు దాక చూసింది, ఖాళీ. పక్కింటికి పరిగెత్తింది, వాళ్ళూ తినేసి కుండ కడిగేశారు. పొయ్యి వెలిగించి వండేదాకా ఆగేలా లేడు మనిషి. ఇంట్లో ఉన్నది ఎల్లాజీ విస్తరి ఒక్కటే.

ఆ పిల్ల ఆ విస్తరే రెండు చేతులా ఎత్తి ముసలాయన ముందు పెట్టింది.

పెరట్లోంచి పోలమ్మ పరిగెత్తుకొచ్చింది. ఏం పనే ఇది, నా కొడుకొచ్చి ఏం తింటాడే అని కేకలేసింది. నూకాలు నెమ్మదిగా అంది:

"అత్తా, నీ కొడుకు ఏనాడైనా తిన్న విస్తరి మడిచాడా? ఎక్కడిదక్కడ వదిలేసి లేచిపోయేవాడు. పొద్దున్నే చూస్తే విస్తరి మడిచి ఉంటోంది. అది నీ చేతి అలవాటు."

పోలమ్మ అక్కడే చతికిలబడింది. తెలిసీ ఇన్నాళ్ళూ ఎందుకు వండావే అని అడిగింది.

"నువ్వు నమ్ముతున్నావేమో అనుకున్నానత్తా. ఆ నమ్మకం కాస్తా పోతే నువ్వు బతకవని భయపడ్డాను."

చూశారా మరి, ఈవిడేమో దానికోసం, అదేమో ఈవిడకోసం. అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. ఒకర్నొకరు పట్టుకుని, ఇన్నాళ్ళదీ కలిపి ఏడ్చారు. ముసలాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పోలమ్మే కళ్ళు తుడుచుకుని, నువ్వు తిను నాయనా, చల్లారిపోతుంది అని పక్కన కూర్చుంది. అతను మెతుకు మిగల్చకుండా తింటుంటే చూస్తూ ఉండిపోయింది.

తెల్లారింది. నూకాలు బియ్యం కొలుస్తూ, ఎప్పట్లాగే ఎల్లాజీ వాటా కూడా వేసేసింది. గుర్తొచ్చి, తీసేద్దామని చేటలో చెయ్యి పెట్టింది. పోలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ఉండనియ్యమ్మా, ఆకలితో ఎవరో ఒకరు వస్తారు అంది.

వచ్చారు కూడా. అప్పట్నించీ చీకటిపడ్డాక వచ్చినవాళ్ళు కూడా ఆ ఇంట్లో అన్నం తినే వెళ్ళారు. అత్తాకోడళ్ళు ఏడుపొస్తే కలిసి ఏడిచారు, నవ్వొస్తే కలిసి నవ్వారు, చల్లగా బతికారు. మీరూ అంతే. ఏడుపొస్తే గోడవైపు తిరిగి పడుకోకండి, నా దగ్గరకొచ్చి ఏడవండి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.