సూరన్న బండ మీద నక్క

ఎండాకాలం ముదిరేసరికి ఎర్రవాగులో నీళ్లు పోయి ఇసుక మిగులుతుంది. ఎగువన ఒక మడుగు, దిగువన ఒక మడుగు, మధ్యలో మైదానంలాంటి ఇసుక. అడవి జంతువులన్నీ అక్కడే చేరి హాకీ ఆడతాయి. వంకర తిరిగిన రేల కొమ్మలే కర్రలు, ఎండిన వెలగకాయే బంతి. ఒడ్డున ఉన్న నిలువురాతి నీడ మైదానం మధ్య గీతను తాకితే ఆట అయిపోయినట్టు. నీడతో తగాదా పెట్టుకోవడం ఎవరివల్లా కాదు గనక ఈ ఏర్పాటు ఇన్నేళ్లూ చెల్లింది.

పడమటి గట్టు జట్టుది విచిత్రమైన జాతకం. మొదటి మ్యాచ్‌లన్నీ గెలుస్తారు. కొండ జట్టును చిత్తు చేస్తారు, లోయ జట్టును ఏడిపిస్తారు. తీరా నాకౌట్ మొదలయ్యేసరికి కాళ్లు బరువెక్కుతాయి, కర్రలు ఒకదానికొకటి తగులుకుంటాయి. కిందామీదా పడి ఫైనల్ చేరి, అక్కడ తూర్పు గట్టు చేతిలో ఓడి, ముఖాలు వేలాడేసుకుని ఇళ్లకు పోతారు. ఏటా ఇదే తంతు.

కారణం ఎవరని అడిగితే పడమటి గట్టున మొన్న పుట్టిన పిట్టపిల్ల కూడా చెబుతుంది. కోచ్ దాసప్ప. ఈ దాసప్ప ఒక నక్క.

ఆటలో ఒక నియమం ఉంది. కోచ్ చేతిలో ఎర్రగా పూసిన మోదుగ కొమ్మ ఉంటుంది. అతను దాన్ని పైకెత్తితే గోల్‌కీపర్ గోల్ వదిలి బయటికి రావాలి. అతని బదులు గోల్ కొట్టేవాడు ఇంకొకడు మైదానంలోకి పోవచ్చు. బలం ముందుకు పోతుంది, వెనక గోల్ ఖాళీగా మిగులుతుంది. ఫైనల్లో ఒక గోల్ వెనకబడి, నీడ గీతకు దగ్గర పడుతుంటే దాసప్ప ఏటా కొమ్మ ఎత్తేవాడు. గోల్‌కీపర్ పోలన్న, బండి లాగడం మాని అడవికి వచ్చేసిన ఎద్దు, తల వంచుకుని బయటికి నడిచేవాడు. కుందేలు లోపలికి పరిగెత్తేది. కాసేపటికే వెలగకాయ తాపీగా దొర్లుకుంటూ ఖాళీ గోల్లోకి పోయేది.

ఆ తర్వాత దిగువ మడుగు దగ్గర తిట్లు మొదలయ్యేవి. అందులో సూరన్నను మించినవాడు లేడు.

సూరన్న ముళ్లపంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అతనితో మాట్లాడే దిక్కు లేదు. ఎవరికీ అతని మీద కోపం లేదు. పక్కన కూర్చుంటే గుచ్చుకుంటుంది, అంతే. దారిలో ఎదురైతే మంచిచెడ్డలు అడిగి, ఒక బారెడు పక్కకి జరిగి పోయేవారు. వానాకాలమంతా బొరియలో ఒక్కడే కూర్చుని వాన చప్పుడు వినేవాడు. చలికాలమంతా ఒక్కడే దుంపలు తవ్వుకు తినేవాడు. తనకు తానే ఏదో ఒకటి చెప్పుకుని, తానే ఊఁ కొట్టేవాడు.

హాకీ రోజులు వచ్చాయంటే మాత్రం అతని బతుకు మారిపోయేది. మైదానం పక్కన ఒక నల్లబండ ఉంది, చూసేవాళ్లంతా దాని మీదే కూర్చుంటారు. ఆట వేడెక్కి దాసప్ప కొమ్మ ఎత్తగానే, ఆ కోపంలో ముళ్ల సంగతి మరిచిపోయి అందరూ సూరన్న వైపు ఒరిగేవారు. ఓడాక మడుగు దగ్గర అతని చుట్టూ మూగేవారు.

"సూరన్నా, నువ్వు చెప్పు. అసలు ఆ నక్కకి బుర్రుందంటావా?" అని అడిగేది కోతి చిట్టెమ్మ.

"బుర్రుంది చిట్టెమ్మా. తోకలో ఉంది. అందుకే కూర్చున్నప్పుడల్లా దాని మీదే కూర్చుంటాడు."

అందరూ కడుపుబ్బ నవ్వేవారు. ఎలుగుబంటి పెద్దాయన నవ్వి నవ్వి నీళ్లలో పడ్డ రోజులు కూడా ఉన్నాయి. ఆ నవ్వు మధ్యలో కూర్చుంటే సూరన్నకు వెచ్చగా ఉండేది. పడమటి గట్టు ఓడినందుకు అతనికి నిజంగానే కడుపు మండేది, తిండి సయించేది కాదు. అయినా గెలిచిన సాయంత్రాల్లో ఎవరి దారిన వాళ్లు గంతులేసుకుంటూ పోయేవారనీ, ఓడిన సాయంత్రాల్లోనే తన చుట్టూ కూర్చునేవారనీ అతనికి తెలుసు. తెలిసిన సంగతిని పైకి అనుకునేవాడు కాదు.

ఆ ఏడు కూడా పడమటి గట్టు ఎలాగో ఫైనల్ చేరింది. ముందురోజు మధ్యాహ్నం సూరన్న బొరియ ముందు ఎవరో దగ్గారు. చూస్తే దాసప్ప.

"ఏం దాసప్పా, దారి తప్పావా?"

"నీ దగ్గరికే వచ్చానన్నా. ఇన్నేళ్లుగా నువ్వు నన్ను తిడుతున్నావు గదా, ఆలోచిస్తే నువ్వన్నదే నిజమనిపిస్తోంది."

తిట్లు తిన్నవాడే వచ్చి ఒప్పేసుకుంటే తిట్టడానికి మాట దొరకదు.

"రేపు కొమ్మ నువ్వు పట్టుకో. ఆటను నీ అంత బాగా చూసేవాడు ఈ గట్టున లేడు. పెద్దాయనతో నేను మాట్లాడతాలే."

"నువ్వేం చేస్తావు మరి?"

"నీ చోట కూర్చుంటా."

"అంటే?"

"నల్లబండ మీద. నాకు అక్కడ కూర్చోవాలని ఉందన్నా. ఇంకేం లేదు."

సూరన్న కళ్లు చికిలించి చూశాడు. "ఏదో ఎత్తు వేస్తున్నావు. నక్క ఊరికే ఏదీ ఇవ్వదు."

"ఊరికే ఎక్కడిస్తున్నాను? బండ తీసుకుంటున్నా గదా" అని దాసప్ప నవ్వాడు. సూరన్న కూడా నవ్వేశాడు. నక్క జన్మలో ఒక్కసారి ఉన్నమాట చెబితే దాన్ని వేళాకోళం అనుకున్నాడు పాపం.

సాయంత్రానికల్లా గట్టంతా పొక్కింది. "సూరన్న కోచ్! సూరన్న కోచ్!" అని పిట్టలు కొమ్మ కొమ్మకీ మోశాయి. జంతువులన్నీ బొరియ ముందు గుమిగూడాయి. చిట్టెమ్మ ఆపుకోలేక అతని వీపు తట్టి, వేళ్లకు ముళ్లు గుచ్చుకుంటే ఊదుకుంటూ నవ్వింది. అమ్మ పోయాక అతని వీపును ఎవరైనా ముట్టుకోవడం అదే మొదలు. దాసప్ప ఏ ఎత్తు వేసినా వేయనీ, దీనికి సరితూగదులే అనుకున్నాడు సూరన్న.

మర్నాడు కొమ్మ చేత పట్టుకుని గీత పక్కన నిలబడ్డాడు. నిలబడ్డాక తెలిసింది, అక్కడ కోచ్ ఒక్కడే ఉంటాడని. ఆటగాళ్లు మైదానంలో ఉంటారు, చూసేవాళ్లు బండ మీద ఉంటారు. వెనక్కి తిరిగి చూస్తే తన చోట దాసప్ప కూర్చున్నాడు. అతనికి ఒక పక్క చిట్టెమ్మ, ఇంకో పక్క పెద్దాయన, ఎవరి ఒళ్లు ఎక్కడ ముగిసిందో తెలియనంత దగ్గరగా ఒరిగి కూర్చున్నారు. నక్క ఒళ్లు మెత్తన గదా.

ఆట మొదలైంది. తూర్పు గట్టు ఒక గోల్ కొట్టింది. పడమటి గట్టు ఎంత కొట్టుకున్నా తిరిగి కొట్టలేకపోయింది. నిలువురాతి నీడ ఇసుక మీద పాకుతూ గీత వైపు వస్తోంది.

బండ మీద నుంచి చూసినన్నాళ్లూ సూరన్నకు కనబడనిది ఒకటి కింద నుంచి కనబడింది. తూర్పు గట్టు అడవిపందులు గోల్ ముందు వరసగా నిలబడిపోయాయి. మనవాళ్లలో ఎవరు బంతి తీసుకుపోయినా, అందించడానికి అవతల ఇంకొకడు లేడు. ఒక్కడు తక్కువ. ఒక్కడుంటే సరిపోతుంది. దాసప్ప ఏటా కొమ్మ ఎందుకు ఎత్తాడో సూరన్నకు అప్పుడు అర్థమైంది.

గోల్లో పోలన్న సూరన్న వైపే చూస్తున్నాడు. ఏటా అలవాటే గనక అప్పుడే ఒక అడుగు బయటికి వేసి ఆగాడు.

ఎత్తితే? ఇన్నేళ్లుగా దాసప్పను తిట్టిన తిట్లన్నీ తిరిగొచ్చి తన నెత్తినే పడతాయి. ఆ తిట్లే లేకపోతే మడుగు దగ్గర తనకు చోటేముంది?

"ఎత్తమాకు సూరన్నా! మాట మీద నిలబడు!" అని అరిచింది చిట్టెమ్మ.

నీడ ఇంకొంచెం జరిగింది. బండ మీద ఎవరో మెల్లగా, "ఎత్తితే పోయేదేముంది?" అన్నారు. గొంతు దాసప్పది. ఆ మాట ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పాకి, చూస్తుండగానే బండంతా "ఎత్తు! ఎత్తు!" అని గగ్గోలు పెట్టింది. అందులో చిట్టెమ్మ గొంతు కూడా ఉంది.

సూరన్న కొమ్మను వీపు వెనక దాచుకున్నాడు. ముళ్లకు తగిలి పూలు రాలాయి. పోలన్న వేసిన అడుగు వెనక్కి తీసుకుని గోల్లోకి పోయి నిలబడ్డాడు. ఆ తర్వాత తూర్పు గట్టు వాళ్లు రెండుసార్లు గురిచూసి కొట్టారు. రెండుసార్లూ బంతి పోలన్న కాళ్లకు తగిలి ఆగిపోయింది. నీడ గీతను తాకింది. పడమటి గట్టు ఆ ఒక్క గోల్ తేడాతోనే ఓడిపోయింది.

పొద్దువాలుతుండగా సూరన్న కాళ్లు అలవాటు కొద్దీ దిగువ మడుగుకే నడిచాయి. తుప్పల అవతల నుంచే నవ్వులు వినబడ్డాయి.

"కొమ్మెత్తడానికి చెయ్యి రావాలి గదా. ఆ చేత్తో ముళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు" అంటున్నాడు దాసప్ప.

"నీ హయాంలో కనీసం ఎత్తేవాడివి దాసన్నా" అంటోంది చిట్టెమ్మ. "ఓడినా మగాడిలా ఓడేవాళ్లం."

దాసన్న. నిన్నటిదాకా ఆ నక్క.

సూరన్న తుప్పలు దాటి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు. చిట్టెమ్మ నేల చూపులు చూస్తూ, "నీళ్లకొచ్చారా అండీ?" అంది.

అండీ అన్న ఆ ఒక్క మాట సూరన్నకు తన ముల్లు తనకే గుచ్చుకున్నంత నొప్పి పెట్టింది. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. నువ్వు అనిపించుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది, మీరు కావడానికి ఒక్క మధ్యాహ్నం సరిపోయింది.

"ఆఁ. నీళ్లకే" అన్నాడు.

రెండు గుక్కలు తాగాడు. దాసప్ప ఒక్కసారి అతని కళ్లలోకి చూసి తల దించుకున్నాడు. సూరన్న వెనుదిరిగి, నవ్వు వినబడనంత దూరం పోదామని ఎగువ మడుగు వైపు నడిచాడు.

అక్కడ పోలన్న ఒక్కడే నీళ్లలో మోకాళ్ల దాకా దిగి నిలబడి ఉన్నాడు.

"రా అన్నా. ఆ పలకరాయి మీద కూర్చో. బాగుంటుంది."

సూరన్న కూర్చున్నాడు. రాయి చిన్నది, ఒకరికే సరిపోతుంది. కూర్చుని కూర్చుని నున్నగా అరిగి ఉంది.

"ఇక్కడెవరు కూర్చుంటారు?"

"దాసప్ప. ఓడిన ప్రతి ఏడూ వచ్చేవాడు. కింద మీరంతా తిడుతుంటే ఇక్కడిదాకా వినబడేది. అందరికంటే నీ గొంతే బాగా వినబడేది. నువ్వు నవ్వించినప్పుడు తనూ నవ్వేవాడన్నా. ఆ తోక మాటకైతే పడీపడీ నవ్వాడు. కాసేపయ్యాక ఏడ్చాడనుకో."

బండ కావాలన్నప్పుడు దాసప్ప అడిగిందేమిటో సూరన్నకు ఇప్పుడు తెలిసింది.

"పోలన్నా, నిజం చెప్పు. నేను కొమ్మ ఎత్తి ఉంటే గెలిచేవాళ్లమా?"

"లేదన్నా. ఎత్తినా ఓడాం, ఎత్తకపోయినా ఓడాం. వాళ్లు మనకంటే బాగా ఆడతారు. అంతే."

"మరి ఈ ముక్క కింద వాళ్లకి ఒక్కసారైనా చెప్పకపోయావా?"

"చెబితే సాయంత్రాలు ఏం మాట్లాడుకుంటారు?"

ఎద్దు నీళ్లలోంచి బయటికొచ్చి ఒళ్లు విదిలించుకున్నాడు. "నేను మాత్రం ఫైనల్ చివరిదాకా గోల్లో నిలబడింది ఈ ఏడే. నాకది చాలు" అని, మెల్లగా మెట్ట ఎక్కి తన దారిన తను వెళ్లిపోయాడు.

సూరన్న రాయి మీదే ఉండిపోయాడు. దూరం పోయినా లాభం లేకపోయింది. దిగువ నుంచి నవ్వులు గాలికి పైకి వస్తూనే ఉన్నాయి. దాసప్ప ఇంకేదో అన్నాడు, పెద్దాయన నీళ్లలో పడ్డ చప్పుడైంది. సూరన్నకు తన గురించే ఇంకా మంచి మాట ఒకటి తోచింది.

"కొమ్మ ఎందుకు ఎత్తలేదంటే, పూలు కనబడగానే తిండి అనుకుని దాచుకున్నాడు" అన్నాడు పైకే.

చాలా బాగా కుదిరింది. దిగువ మడుగు దగ్గరైతే చిట్టెమ్మ కిందపడి దొర్లేది. ఇక్కడ మాత్రం ఒక కప్ప నీళ్లలోకి దూకింది. కాసేపు చూసి, సూరన్న తానే ఊఁ కొట్టాడు.

తిట్టేవాళ్ల మధ్య ఎందరికైనా చోటుంటుంది, తిట్లు పడేవాడి రాయి ఒక్కరికే సరిపోతుంది. ఆ రాయి మీద కూర్చుని చూశాక గానీ ఎవరినీ చూసి నవ్వుకోవద్దు.